కర్త లేని వాక్యం

ఆగస్టు 4

నీటి కేంద్రం దగ్గర ఒక మనిషి చనిపోయాడు. ఆ ముక్క చెప్పడానికి మాకు పొద్దంతా పట్టింది.

నేను ఆఫీసుకు వచ్చేసరికే డెస్క్ దగ్గర వేడ్, పెట్రా వాదించుకుంటున్నారు. వేడ్ ఎర్ర పార్టీ తరఫు పరిశీలకుడు, బడిపంతులుగా రిటైరైనవాడు. పెట్రా నీలి పార్టీ తరఫున కూర్చుంటుంది. గొడవల ఏడాది తర్వాత వచ్చిన సమభాష చట్టం ప్రకారం మా రాష్ట్ర రేడియోలో ఏ వాక్యం వెళ్ళాలన్నా ఈ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆపైన యంత్రం కూడా ఒప్పుకోవాలి. దాన్ని మేం త్రాసు అంటాం. వాక్యం పెడితే ముల్లు ఎర్ర వైపో నీలి వైపో వాలుతుంది. నడిమధ్య నిలబడితేనే ఇంగ్లీషులో చదువుతారు. తర్వాత మేం తలో భాషలోకి మార్చి చదువుతాం. తెలుగు నాది.

వేడ్ తెచ్చిన వాక్యం: "నీళ్ళ లూటీకి వచ్చిన గుంపును అదుపు చేస్తుండగా ఒకరు మృతి." ముల్లు ఎర్ర వైపు చివరిదాకా వెళ్ళింది. పెట్రా తెచ్చిన వాక్యం: "దాహంతో వచ్చిన పౌరుణ్ణి బలిగొన్న కంపెనీ తుపాకీ." ముల్లు నీలి వైపు కొట్టుకుంది. ఇక అక్కణ్ణుంచి ఒక్కో మాటా తీసేసుకుంటూ పోయారు. లూటీ పోయింది, దాహం పోయింది, గుంపు పోయింది, కంపెనీ పోయింది, తుపాకీ కూడా పోయింది. సాయంత్రం బులెటిన్‌కి మిగిలింది ఇది: "నీటి కేంద్రం దగ్గర జరిగిన సంఘటనలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు."

ముల్లు నిటారుగా నిలబడింది. నేను చదివాను. చదువుతున్నప్పుడే అనిపించింది, ఆయన తన ప్రాణాలను తనే దారిలో ఎక్కడో పారేసుకున్నట్టుందని. కానీ ఇలాంటివి ఎన్ని చదవలేదు? మైకు కట్టేసి, ట్రాం ఎక్కి ఇంటికి వచ్చాను. కొళాయిలో నీళ్ళు రాలేదు. కరువు మొదలయ్యాక కంపెనీ తన నీటి కేంద్రాల్లో వంతుల ప్రకారం ఇచ్చేవే నీళ్ళు. నిన్న బియ్యం కడిగిన నీళ్ళు దాచిపెట్టాను కాబట్టి మొహం కడుక్కోవడానికి సరిపోయాయి.

ఆగస్టు 6

పేరు బయటికి వచ్చింది. రిత్విక్. తెలుగువాడు. కోల్డ్ స్టోరేజీ లారీ నడిపేవాడు.

మధ్యాహ్నం రిసెప్షన్ నుంచి పిలుపు వచ్చింది. ఆయన భార్య వచ్చిందట. ఇంగ్లీషు డెస్క్‌ను కాదు, తెలుగు చదివే ఆవిడే కావాలంటోందట. కిందికి వెళ్ళాను. నలభై ఏళ్ళుంటాయి. పేరు శ్రీనిధి. కరీంనగర్ వైపు నుంచి పదేళ్ళ కింద వచ్చారట. ఆసుపత్రి లాండ్రీలో పని. ఆ యూనిఫాంలోనే ఉంది. ఏడవలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, నీ గొంతు రోజూ ఇంట," అంది. "మొన్న నువ్వే చెప్పినవ్ గదా, సంఘటనల పాణం పోయిందని. ఏం సంఘటన అక్కా? గోడ కూలిందా, కరెంటు కొట్టిందా? మా అత్తమ్మకు ఫోన్ చేసి ఏమని చెప్పాలె? ఆమె గుడ ఊళ్ళె ఫోన్ల మీ రేడియోనే ఇన్నది. యాక్సిడెంటా బిడ్డా అని అడుగుతున్నది."

వాక్యం నేను రాయలేదని, పైనుంచి వచ్చినదాన్ని తెలుగులో చదవడం వరకే నా పని అని చెప్పాను. నిజమే. ఆవిడ విని తలూపింది.

"గార్డు కాల్చిండు," అంది. "అంతే గదా అయ్యింది. గా ముక్క చెప్పనీకి తెలుగుల మాటల్లేవా?"

ఆవిడను బస్టాపు దాకా దిగబెట్టి, నా సీసాలో ఉన్న నీళ్ళు ఇచ్చాను. సగం తాగి మిగతావి తిరిగి ఇచ్చేసింది.

ఆగస్టు 11

వచ్చే నవంబరులో గవర్నర్ ఎన్నికలు. రిత్విక్ రెండు పార్టీలకూ పనికొచ్చాడు.

నీలి పార్టీవాళ్ళు వంతెన గోడ నిండా అతని బొమ్మ వేశారు. కింద "దాహవీరుడు" అని. ఎర్ర పార్టీవాళ్ళ చానల్‌లో అతని పాత ట్రాఫిక్ చలానాలు చూపించి "నేరచరిత్ర" అన్నారు. వాళ్ళకు అతను "లూటీదారు". ఒకరికి గార్డు "కంపెనీ కిరాయి తుపాకీ", ఇంకొకరికి "ఆస్తి రక్షకుడు". మా రేడియోలో మాత్రం అతను "సంబంధిత వ్యక్తి", గార్డు "మరొక వ్యక్తి". రోజూ ఆ మాటలే చదివి చదివి నాలుక మొద్దుబారిపోయింది.

శ్రీనిధి ఇంటికి వెళ్ళాను. మా దేశపు అలవాటు ప్రకారం అన్నం, చారు పట్టుకెళ్ళాను. నాకన్నా ముందే ఎవరో నీలి జెండాలు తెచ్చి గుమ్మం పక్కన ఆనించి పోయారు. ఆవిడ వాటిని కాలితో పక్కకు జరిపి తలుపు తీసింది. రిత్విక్ ప్రతిసారీ ఎర్ర పార్టీకే ఓటేశాడని అన్నం తింటూ చెప్పింది. ఆ సంగతి బొమ్మ వేసినవాళ్ళతో చెబితే, ఇప్పుడు బయటికి చెప్పొద్దమ్మా అన్నారట. పొద్దున ఎవరో ఫోన్ చేసి, దొంగ పెళ్ళానివి, నీ దేశానికి పో అన్నారట. ఆ మాట కూడా అదే గొంతుతో చెప్పింది.

"ఆయన ఎవ్వలకు వీరుడు కాదు, దొంగ కాదు," అంది. "రాత్రి గురక వెట్టేటోడు. ఉప్పెక్కువైతే తినకపోయేటోడు. గాయనే పోయిండు."

ఆగస్టు 19

ఇవాళ కౌంటీ ఆఫీసుకు శ్రీనిధికి తోడుగా వెళ్ళాను. అతని మరణం మీద విచారణ జరపమని ఆవిడ పెట్టుకున్న అర్జీని వెనక్కి ఇచ్చేశారు. కిటికీ దగ్గర కూర్చున్నామె మర్యాదగానే చెప్పింది. ఒక మనిషిని మరో మనిషి చంపినట్టు అధికారిక రికార్డులో ఉంటేనే విచారణ. సమభాష చట్టం వచ్చాక రాష్ట్ర రేడియోలో ఆమోదంతో వెళ్ళిన మాటే అధికారిక రికార్డు. అందులో ఉన్నది "సంఘటన". సంఘటన మీద ఎవరిని విచారిస్తాం అని అడిగింది. ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది.

దాన్ని శ్రీనిధికి తెలుగులో చెప్పడం నా వంతయింది. మొన్నటి దాకా ఆ వాక్యం మా డెస్క్ మీది గొడవ అనుకున్నాను. అది ఇలా వచ్చి ఒక తలుపు మూసేసింది.

ఆఫీసుకు వచ్చి వేడ్‌నూ పెట్రానూ కాఫీ గదిలో కూర్చోబెట్టాను. ఒక్క వాక్యం మార్చండి, గార్డు కాల్చాడు అని ఉంటే చాలు, వీరుడూ వద్దు, లూటీ వద్దు అని అడిగాను.

వేడ్ ముందు మాట్లాడాడు. గార్డు కాల్చాడని తనకూ తెలుసన్నాడు. కానీ కాల్చాడు అనే మాట వస్తే, ఎందుకు కాల్చాడో కూడా రావాలి, గేటు విరగ్గొట్టిన సంగతీ రావాలి, అది లేకుండా ఒప్పుకుంటే తనవాళ్ళు తనను ఊళ్ళో తిరగనివ్వరన్నాడు. పెట్రా ఇంకో దారి పట్టింది. కాల్చింది గార్డు అంటే కంపెనీ తప్పించుకుంటుంది, నెలల తరబడి నీళ్ళు ఆపింది ఎవరు, కర్త కంపెనీ అయితే ఒప్పుకుంటానంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే నాకు మరీ నీరసం వచ్చింది. తలా ఒక కర్తను పట్టుకుని కూర్చున్నారు కాబట్టి వాక్యంలో కర్తే లేకుండా పోయాడు.

వేడ్ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, "లాస్యా, మీరు ఇంటికెళ్ళి పడుకోండి," అన్నాడు. ఈ ఆఫీసులో నా పేరు సరిగ్గా పలికేది ఆయనొక్కడే.

సెప్టెంబరు 2

గవర్నర్ అభ్యర్థుల చర్చ. రేడియోలో ప్రత్యక్ష ప్రసారం. నేను గాజు గదిలో కూర్చుని వాళ్ళు మాట్లాడుతుండగానే తెలుగు చేయాలి.

అభ్యర్థులకు సమభాష చట్టం వర్తించదు. వాళ్ళు ఏ మాటైనా అనొచ్చు. మేం మాత్రం ఆమోదించిన మాటల పట్టికలోంచే తీసుకోవాలి. ఎర్ర అభ్యర్థి పళ్ళు కొరుకుతూ "లూటీ మూక" అంటే నేను "కేంద్రానికి వచ్చిన వ్యక్తులు" అన్నాను. నీలి అభ్యర్థి బల్ల గుద్ది "హత్య" అంటే "ఆ మరణం" అన్నాను. హాల్లో జనం కేకలు, బూతులు. నా గొంతులో అంతా ఆసుపత్రి వరండాలా ప్రశాంతం. మన ఇళ్ళలో ఇది వింటున్న పెద్దవాళ్ళు ఈ దేశంలో నాయకులు ఎంత మర్యాదగా మాట్లాడుకుంటారో అనుకుంటారు.

చర్చ నడిపే ఆవిడ ఒక మంచి ప్రశ్న వేసింది. "ఇద్దరూ చిన్న మాటల్లో చెప్పండి, ఆ రోజు నీటి కేంద్రం దగ్గర ఏం జరిగింది?" ఎర్ర అభ్యర్థి చట్టం గురించి, క్రమశిక్షణ గురించి చెప్పాడు. నీలి అభ్యర్థి తన నాన్న బావి తవ్విన కథ చెప్పింది. ఏం జరిగిందో ఇద్దరూ చెప్పలేదు. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లంతసేపూ నేను తెలుగు చేయాల్సిందేమీ లేదు. మైకు తెరిచే ఉంది.

నేను చెప్పాను. "నీటి కేంద్రం గార్డు తుపాకీతో కాల్చాడు. రిత్విక్ చనిపోయాడు. అతని చేతిలో ఖాళీ క్యాన్ ఉంది."

ఎదురుగా త్రాసు మీది హెచ్చరిక దీపం వెలిగింది. ఆ తర్వాత అభ్యర్థులు మళ్ళీ అందుకున్నారు, నేనూ అందుకున్నాను. దుబాసీ తన సొంత మాట కలపకూడదు. ఈ పని నేర్చుకున్న మొదటి రోజు చెప్పేది అదే. కలిపాను. నీళ్ళు తాగుదామని చూస్తే సీసా ఖాళీ.

సెప్టెంబరు 3

సస్పెండ్ చేశారు. రెండు ఫిర్యాదులు అందాయట. నేను నీలి పార్టీ మనిషినని ఎర్ర పార్టీ. కంపెనీ పేరు కావాలనే దాచి చిన్న ఉద్యోగి మీదికి నెట్టానని, ఎర్ర పార్టీకి మేలు చేశానని నీలి పార్టీ. సమభాష చట్టం అమలు చూసే సంఘం ముందు బహిరంగంగా హాజరు కావాలి. అది కూడా రేడియోలో వెళ్తుంది.

తెలుగులో చెప్పిన మాట అనుమతి లేనిది కాబట్టి రికార్డులోంచి తీసేశారు. అంటే శ్రీనిధికి దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. పొద్దంతా పక్క మీదే ఉన్నాను. బట్టలు ఉతకాలి, ఉతకలేదు.

సెప్టెంబరు 9

శ్రీనిధి ఫోన్ చేసింది. నేను చెప్పింది తనూ, అక్కడ వాళ్ళ అత్తమ్మా విన్నారట. అత్తమ్మ ఆ రోజు మొదటిసారి గట్టిగా ఏడ్చిందట. నాకు కాస్త మనసు తేలికైంది. అప్పుడు అంది:

"ఒక్కటే తప్పు చెప్పినవ్ అక్కా. క్యాన్ ఖాళీగ లేకుండె."

పోలీసులు నిన్న అతని వస్తువులు తిరిగి ఇచ్చారట. చెప్పులు, ఫోను, క్యాన్. క్యాన్ మూతకు పోలీసు సీలు వేసి ఉంది. ఎత్తబోతే చెయ్యి గుంజిందట. మూతి దాకా నిండుగా ఉంది.

ఖాళీ అని నాకు ఎవరు చెప్పారు? పెట్రా వాళ్ళ వీడియోలో మసక మసగ్గా కనబడింది. వంతెన మీది బొమ్మలో చేతిలో ఖాళీ క్యాన్ తలకిందులుగా ఉంది. అందరూ ఖాళీ అనే అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. దాహంతో వచ్చినవాడి చేతిలో ఖాళీ క్యాన్ ఉండటమే నాకు బాగుంది. నన్ను ఏ త్రాసులోనూ పెట్టకుండానే నా ముల్లు వాలిపోయింది.

క్యాన్ నిండుగా ఉందంటే వాళ్ళు ఏమంటారో శ్రీనిధికి విడమరచి చెప్పాను. వంతు రాకుండా గేటు దాటి నీళ్ళు పట్టుకున్నాడని అంటారు. లూటీ అనే మాటకు సాక్ష్యం దొరికిందంటారు. చెప్పకపోయినా ఎవరూ అడగరు, సీలు ఉన్న క్యాన్ నీ ఇంట్లోనే ఉంటుంది అన్నాను.

ఫోన్‌లో లాండ్రీ యంత్రాల చప్పుడు వినబడుతోంది.

"నీళ్ళు పట్టుకున్నడు అక్కా," అంది చివరికి. "నాకు ఫోన్ గుడ చేసిండు, దొరికినయ్ వస్తున్న అని. ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు సగం చెప్తే వాళ్ళకు నీకు ఫరకేముంది?"

సెప్టెంబరు 12

సంఘం ముందు హాజరయ్యాను. రెండు పార్టీల వకీళ్ళు, పరిశీలకులు, వెనక రేడియో మైకులు.

సొంత మాట ఎందుకు కలిపావని అడిగారు. వృత్తి నియమం తప్పానని, దానికి ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటానని చెప్పాను. తర్వాత, నేను చెప్పిన దాంట్లో ఒక తప్పు ఉంది, దిద్దుకుంటాను అన్నాను. క్యాన్ ఖాళీగా లేదు, నిండుగా ఉంది, సీలుతో సహా భార్య దగ్గర ఉంది.

పెట్రా తల దించుకుంది. నీలి వకీలు నా వైపు చూసిన చూపులో ఇంకెప్పుడూ పలకరించడని తెలిసిపోయింది. ఎర్ర వకీలు మాత్రం లేచి నిలబడ్డాడు. అతని మొహం వెలిగిపోయింది. మైకు దగ్గరికి లాక్కుని, ఇన్నాళ్ళూ మేం చెబుతున్నది ఇదే కదా అని మొదలుపెట్టాడు. గొంతు పెంచుతూ పోయాడు.

"ఇతను దాహంతో చేయి చాచిన మనిషి కాదు. క్యాన్ నింపుకుని వెళ్ళిపోతున్నాడు. వెళ్ళిపోతున్నవాణ్ణి గార్డు కాల్చాడు. తన డ్యూటీ తాను చేశాడు."

గార్డు కాల్చాడు అనే మాట ఆయన నోటితోనే రేడియోలో వెళ్ళిపోయింది. ఆయనకు వెంటనే తట్టలేదు. పక్కన కూర్చున్న వేడ్‌కు తట్టింది. ముసలాయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మెల్లగా అన్నాడు: "సంఘం వారు గమనించాలి. ఇప్పుడు ప్రసారమైన వాక్యానికి మా పార్టీ నుంచి అభ్యంతరం లేదు. అది మా వకీలు గారి వాక్యమే."

పెట్రా తలెత్తి చూసింది. కంపెనీ పేరు రాలేదు. ఆవిడ నోరు తెరిచింది, మూసుకుంది. కాసేపటికి తమ వైపు నుంచి కూడా అభ్యంతరం లేదంది. సంఘం ముందు పలికిన మాటకు ఇద్దరి ఒప్పుదల చాలు, యంత్రం అక్కర్లేదు. అలా అది రికార్డులో పడింది.

నా ఉద్యోగం తీసేశారు. సాయంత్రం నా బల్ల మీది చిన్న ఫ్యాను, చెప్పులు సంచిలో వేసుకుని వచ్చేశాను. వేడ్ లిఫ్టు దాకా వచ్చాడు. ఇక ఆయన్ను కూడా ఉంచరని ఇద్దరికీ తెలుసు. ఎండ తగ్గిందా అని అడిగాడు. తగ్గలేదన్నాను.

అక్టోబరు 20

విచారణ మొదలైంది. శ్రీనిధికి దుబాసీగా నన్నే కావాలని రాసిచ్చింది. కోర్టులో త్రాసు లేదు. సాక్షి ఏమంటే అది, ఎలా అంటే అలా చెప్పాలి. సాక్షి "నేను" అంటే దుబాసీ కూడా "నేను" అనాలి. "అతను అంటున్నాడు" అని మధ్యలో తను కనబడకూడదు.

ఇవాళ గార్డు వంతు. పేరు కోల్బీ. ఇన్ని వారాలు "మరొక వ్యక్తి" అని చదివాను తప్ప మనిషిని చూడలేదు. యాభై దాటిన రైతు. కరువుకు పొలం పోయి ఈ ఉద్యోగంలో చేరాడట. బోనులో ఇమడలేనంత పెద్ద ఒళ్ళు. చేతిలో వకీలు రాసిచ్చిన కాగితం ఉంది. నేను శ్రీనిధి పక్కనే కూర్చుని ఆవిడ చెవి దగ్గర మెల్లగా చెబుతున్నాను.

అతను చదవడం మొదలుపెట్టాడు. పరిస్థితి అదుపు తప్పింది. హెచ్చరికలు చేయబడ్డాయి. ఆ క్రమంలో ఆయుధం పేలింది. నేను అన్నీ అలాగే చెప్పాను. ఈ భాష నాకు కొట్టిన పిండి. శ్రీనిధి గోడవైపు చూస్తూ వింటోంది.

"ఆయుధం పేలింది" దగ్గర అతను ఆగాడు. మళ్ళీ ఆ వాక్యమే చదివాడు. మళ్ళీ ఆగాడు. వకీలు చిన్నగా దగ్గాడు. కోల్బీ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, జడ్జి వైపు కాదు, మా వైపు తిరిగాడు. ఎదురుగా కూర్చున్న ఆవిడ ఎవరో అతనికి అప్పుడే తెలిసినట్టుంది. చాలా చిన్న గొంతుతో మాట్లాడాడు. చిన్న చిన్న మాటలు.

నేను వెంటనే చెప్పాలి. "నేను" దగ్గర ఆగిపోయాను. జడ్జి నా వైపు చూశాడు. శ్రీనిధి మెల్లగా నా ముంజేయి పట్టుకుంది.

ఆవిడ చెవి దగ్గరికి వంగి చెప్పాను. "నేను ఆగమన్నాను. అతను వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తాడు, వెళ్తున్నాలే అన్నట్టు. నేను కాల్చాను."

ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. నా మొహంలోకి చూసింది. నన్ను చూస్తోందో, నా గొంతులో ఉన్నవాణ్ణి చూస్తోందో తెలియలేదు.

"మల్లొకపారి చెప్పక్కా," అంది.

అడ్డు చెబుతారేమోనని జడ్జి వైపు చూశాను. ఆయన కలం కింద పెట్టి ఆగాడు.

"నేను కాల్చాను," అన్నాను.